హమాలి నడక

ఆదోనిలో హనుమంతరావు టైపు ఇన్‌స్టిట్యూట్ పత్తి మార్కెట్టుకు పోయే దారిలో, ఒక బట్టల కొట్టు మిద్దె మీద ఉండేది. గోడవారగా బల్లలు, బల్లల మీద మెషిన్లు, పొద్దున తలుపు తీసింది మొదలు చీకటి పడేదాకా టకటకలు. అంబాబాయి అక్కడే టైపు లోయరూ హయ్యరూ పాసై, అక్కడే నేర్పే పనికి కుదిరింది. వాళ్ల నాన్న మంత్రాలయం దగ్గర మాధవరంలో బడిపంతులుగా చేసి పోయాడు. తల్లి భీమాబాయితో కలిసి ఆమె ఆదోనిలో ఒక చిన్న ఇంట్లో అద్దెకుండేది.

చిన్నప్పుడు పోలియో వచ్చి అంబాబాయి ఎడమకాలు సన్నబడిపోయింది. కుడికాలి కంటే కాస్త పొట్టి. కర్ర అక్కర్లేదు కానీ, నడిచేటప్పుడు ఒక పక్కకు ఒరుగుతుంది. కొత్తగా చేరడానికి వచ్చినవాళ్లు ముందు ఆమె కాలిని చూసేవారు, తర్వాత మొహాన్ని. ఆమెకు అది అలవాటైపోయింది. అలవాటైపోయిందని అనుకునేది.

ఎనభై ఎనిమిదిలో హనుమంతరావు ఒక కంప్యూటర్ తెచ్చాడు. పలకంత కీబోర్డే కంప్యూటర్. దాన్ని టీవీకి తగిలించాలి, క్యాసెట్లలో ఉండే ప్రోగ్రాముల కోసం టేపురికార్డరుకు తగిలించాలి. నేర్చుకు రమ్మని అంబాబాయిని హైదరాబాదుకు పంపాడు. ఆమె తిరిగొచ్చి, టైపు పిల్లల్లో ఆసక్తి ఉన్నవాళ్లకు చెప్పడం మొదలుపెట్టింది. కంప్యూటర్ అమ్మిన కంపెనీ ఒక మాట చెప్పింది: ఊళ్లలో ఉండే సెంటర్లవాళ్లు మంచి ఆట తయారుచేస్తే, దాన్ని తమ క్యాసెట్‌లో వేసి అమ్ముతామని.

"ఏమ్మా అంబా, మనమొకటి సేద్దామా? క్యాసెట్టు మీద మన ఇన్‌స్టిట్యూట్ పేరు పడితే సాలు, నాకింకేం వద్దు" అన్నాడు హనుమంతరావు.

ఏం ఆట చేయాలో అంబాబాయి ఎక్కువ ఆలోచించలేదు. కిటికీలోంచి చూస్తే మార్కెట్టుకు పోయే బండ్లూ, లారీలూ, పత్తి మూటలు మోసే హమాలీలూ కనబడతారు. ఆటలో ఒక హమాలి పత్తి మూట భుజానికెత్తుకుని, ఎదురొచ్చే ఎద్దుల్ని తప్పించుకుంటూ లారీ దాకా చేర్చాలి. అంతే.

హమాలి బొమ్మను ఆమె గ్రాఫు కాగితం మీద గీసింది. మనిషి మొత్తం పదహారు గళ్ల ఎత్తులో, పదహారు గళ్ల వెడల్పులో ఇమిడిపోవాలి. గడి నింపితే చుక్క పడుతుంది, వదిలేస్తే ఖాళీ. ఒక్కో వరసను ఒక అంకెగా మార్చి కంప్యూటర్‌కు ఇవ్వాలి. కన్నుకు ఒక్క గడి చాలు. ఆ ఒక్క గడి ఎక్కడ పెట్టాలన్నదే కష్టం. ఒక గడి కిందికి జరిగితే మనిషి ఏడుస్తున్నట్టుంటాడు, పైకి జరిగితే బెదిరినట్టుంటాడు. ఎన్నో కాగితాలు చింపిన తర్వాత ఆమెకు తలపాగా కుదిరింది, మీసం కుదిరింది, మోకాళ్ల పైకి ఎగ్గట్టిన పంచె కుదిరింది.

టీవీలో బొమ్మ నిలబడిన రోజు మెషిన్లన్నీ ఆగిపోయాయి. పిల్లలంతా లేచి చుట్టూ మూగారు. కింద బట్టల కొట్టు పుల్లన్న కూడా పైకొచ్చి చూశాడు.

"యాడో సూసిన మనిషి మాదిరే ఉండాడే! మార్కెట్లో రోజూ కనపడతాడప్పా ఈయప్ప!" అన్నాడు.

అందరూ తెరనే చూస్తున్నారు. ఆ గదిలో తాను నిలబడి ఉండగా, అందరూ తాను చేసినదాన్ని చూడడం అంబాబాయికి అదే మొదటిసారి. ఆ పూట ఇంటికి పోయి తల్లి పెట్టిన అన్నం ఇంకొంచెం అడిగి మరీ తింది.

మర్నాడు హమాలి కదిలాడు. చిక్కు అక్కడే వచ్చింది.

సరోజమ్మ ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చి టైపు నేర్చుకునే అమ్మాయి. నేతపనివాళ్ల ఇల్లు. తండ్రి మార్కండేయులు మగ్గానికి అంచుల డిజైన్లు గీస్తాడు. సరోజ ఇంటరు పాసైంది, గలగలా మాట్లాడుతుంది, మెట్లు రెండేసి ఎక్కుతుంది. అంకెలు తప్పు లేకుండా కొడుతుందని అంబాబాయే ఆమెను కంప్యూటర్ దగ్గర కూచోబెట్టుకుంది.

తెర మీద హమాలి ఎడమ నుంచి కుడికి పోతుంటే సరోజ నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.

"ఏం?" అంది అంబాబాయి.

"ఏమనుకోవద్దక్కా. మనిషి శానా బాగుండాడు. కానీ వాడు నడ్సడంల్యా. ఎవురో యెనక నుంచి తోస్తాండారు."

పిల్లలు పకపకా నవ్వారు. నిజమే, బల్ల మీద అగ్గిపెట్టెను తోసినట్టు హమాలి జరిగిపోతున్నాడు.

"అయితే నువ్వే నడిపించు" అంది అంబాబాయి. విసురుగా అన్న మాట అది. సరోజ దాన్ని అనుమతి అనుకుంది.

గ్రాఫు కాగితాలు తీసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కింది. రోజూ ఏవో గీసుకొచ్చేది, అంకెలు కొట్టేది, చూసి తల అడ్డంగా ఊపేది, మళ్లీ కాగితాలు తీసుకుపోయేది. ఒక మధ్యాహ్నం, అంబాబాయి హయ్యరు పిల్లలకు ఉత్తరం డిక్టేట్ చేస్తుండగా, వెనక నుంచి ఎవరో "అబ్బా!" అన్నారు.

హమాలి నడుస్తున్నాడు.

నాలుగు బొమ్మలు, ఒకదాని తర్వాత ఒకటి. కాలు ముందుకు పడుతోంది, ఒళ్లు దిగుతోంది, మళ్లీ లేస్తోంది. మూట కింద మనిషున్నాడని తెలుస్తోంది. కదలికలో చిందరవందరగా కనిపిస్తోందని సరోజ మీసం తీసేసింది. తలపాగా మడతలు తీసేసింది. అంబాబాయి రోజుల తరబడి కుదిర్చిన మొహం ఉత్త నున్నటి ముద్దయింది. అది ఎవరికీ పట్టలేదు.

హనుమంతరావు కుర్చీలోంచి లేచొచ్చాడు. "సరోజా! ప్రాణం పోస్తివి కదమ్మా వానికి!"

అంబాబాయి కూడా చప్పట్లు కొట్టింది. చేతులు కొట్టాయి కానీ, గుండెలో ఎవరో మిరపకాయ నూరినట్టయింది. ప్రాణం పోసిందట! మరి తాను గీసింది శవాన్నా?

ఆ రోజు నుంచి సరోజ ఏం చేసినా ఆమెకు కంటగింపే. సరోజ నవ్వితే చప్పుడెక్కువ. తల్లో పూలు పెట్టుకొస్తే గదంతా వాసన. రెండేసి మెట్లు ఎక్కుతున్న చెప్పుల చప్పుడు కింద వినబడగానే అంబాబాయి వేళ్లు బిగుసుకునేవి. ఊళ్లో పెద్దమనుషులెవరైనా కంప్యూటర్ చూడ్డానికొస్తే హనుమంతరావు "సరోజా, మన హమాలిని నడిపించి సూపియమ్మా" అని పిలిచేవాడు. మన హమాలి! గీసింది ఎవరని ఒక్కరు అడిగేవారు కాదు.

తానూ చేయగలననుకుంది. సాయంత్రాలు మార్కెట్టు వైపు పోయి, మూటలు మోసేవాళ్లను చూస్తూ నిలబడేది. ఇంటికొచ్చి గీసేది. కుడికాలు ముందుకు, ఎడమకాలు వెనక్కి. తర్వాత ఎడమకాలు ముందుకు, కుడికాలు వెనక్కి. అంతా తూకం వేసినట్టు సరిగ్గా ఉండేది. పొద్దున అందరికంటే ముందు పోయి కంప్యూటర్‌లో చూసుకునేది. కవాతు చేసే బొమ్మలా కాళ్లు ఆడించేవాడు హమాలి. అంతకు మించి ఏమీ లేదు. పిల్లలు వచ్చేలోపు చెరిపేసేది.

చివరికి ఒక అబద్ధమాడింది.

"సార్, ఆ నాలుగు బొమ్మలు మెమరీ తినేస్తున్నాయి. ఎద్దులకు చోటు చాలదు. రెండు బొమ్మలకు తగ్గించాల" అంది హనుమంతరావుతో. మెమరీ కావలసినంత ఉంది. ఆ సంగతి తెలిసింది ఆ మిద్దె మీద ఆమె ఒక్కతికే.

"నువ్వు సదువుకొని వచ్చినదానివి, నీకు తెలుస్తాది. తగ్గియ్యమను" అన్నాడాయన.

రెండు బొమ్మలతో నడక కుంటుపడుతుందని, చూడలేనట్టుగా తయారవుతుందని అంబాబాయి ఆశ. సరోజ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. "సరేక్కా" అని, నాలుగింటిలో రెండు తీసేసింది. ఒకటి నిటారుగా ఉన్నది, ఒకటి ఒరిగినది.

హమాలి అప్పటికీ నడిచాడు. మధ్యలో ఉన్న బొమ్మలు పోయేసరికి నడక ఇంకా కొట్టొచ్చినట్టు కనబడింది. లేచాడు, ఒరిగాడు. లేచాడు, ఒరిగాడు.

అంబాబాయి ఇక చూడలేకపోయింది. టీవీ ఆపేద్దామని గది ఆ చివర నుంచి గబగబా నడిచింది. అన్నం వేళ కావడంతో మెషిన్లు ఆగి ఉన్నాయి. నేల మీద తన చెప్పుల చప్పుడు తనకే గట్టిగా వినబడింది. టక్కు... టప్. టక్కు... టప్. తెర మీద హమాలి అదే తాళానికి లేస్తున్నాడు, ఒరుగుతున్నాడు.

ఆమె ఆగింది. మళ్లీ రెండడుగులు వేసింది. తెర వంక చూసింది.

ఆ నడక తనదే.

సరోజ కిటికీ దగ్గర కూచుని సద్ది విప్పుతోంది. అంబాబాయి వెళ్లి ఎదురుగా నిలబడింది.

"ఎవరి నడక అది?"

సరోజ తలెత్తింది. ఒక్క క్షణం దాచాలనుకున్నట్టుంది. దాచలేకపోయింది.

"నీదేక్కా."

"ఎగతాళి చేస్తాన్నావా నన్ను?"

"అయ్యో, ల్యాదక్కా!" సరోజ లేచి నిలబడింది. "నాకు నడక ఎట్ల గీయల్లో తెల్వకపాయె. ఎవుర్నన్నా సూసి గీద్దామంటే ఈడ ఎవురుండారు? అందురూ కూసోని టైపు కొడ్తాంటారు. పొద్దస్తమానం నడిసేది నువ్వొక్కదానివే. బల్లల మద్దెన పోతాంటావు, వస్తాంటావు. సూసి సూసి సెయ్యికి వచ్చేసింది. రెండు కాళ్లూ సమానంగా గీస్తే వాడు సచ్చినోని మాదిరి ఉన్నెడు. నీ మాదిరి గీస్తే లేసి నడిస్సె."

"నన్నడిగినావా?"

సరోజ సద్ది గిన్నె పక్కకు జరిపింది.

"నా కాలు. ఇరవై ఏండ్ల నుంచి మోస్తాన్నా దీన్ని. అందరికీ చూపించడానికి నువ్వెవరు?"

"నీదని ఎవురికీ తెల్వదక్కా. మూట బరువనుకుంటాండారు. ఎవురన్నా నవ్విరా సెప్పు? అందురూ బాగుందనిరి."

ఆ మాటే అంబాబాయికి మరీ గుచ్చుకుంది. అవును, బాగుందన్నారు. వీధిలో చూసి తల తిప్పుకునే నడకను తెర మీద చూసి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు సరోజకు పోయాయి.

"తీసెయ్" అంది.

సరోజ కళ్లలో నీళ్లు తిరిగాయి. సద్ది అలాగే మూతపెట్టి, కంప్యూటర్ ముందు కూచుంది. ఒరిగిన బొమ్మను ఒక గడి పైకి లేపి సమం చేసింది. హమాలి మళ్లీ కవాతు బొమ్మయ్యాడు.

సాయంత్రం హనుమంతరావు చూసి అదిరిపడ్డాడు. "ఇదేందమ్మా, ఇట్లయిపాయ? ఎల్లుండి కంపెనీ మనిషి వస్తాండాడే!"

సరోజ అంబాబాయి వైపు చూడలేదు. "నాకింతకంటే వస్తాల్యా సార్" అని చెప్పి బస్సుకు టైమైందని దిగిపోయింది. మెట్లు ఒక్కొక్కటిగా దిగుతున్న చప్పుడు వినబడింది.

ఇంటికి నడుస్తున్నంతసేపూ అంబాబాయి తన కోపాన్ని తిరగేసి చూసుకుంది. ఎగతాళి చేయలేదని ఆమెకు తెలుసు. మండుతున్నది అది కాదు. ఇన్నేళ్లుగా తన ఒంట్లోనే ఉన్నదాన్ని తాను చూడలేకపోయింది. హమాలీల నడక కోసం మార్కెట్టంతా వెతికింది. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన పిల్ల బల్ల దగ్గర కూచుని దాన్ని ఇట్టే పట్టుకుంది. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, తన కాలి విషయంలో తనకే ఇంకొకరి మీద అసూయ పుట్టింది.

ఇంట్లో బీరువాకు నిలువుటద్దం ఉంది. అంబాబాయి దాని ముందు జడ వేసుకునేది, బొట్టు పెట్టుకునేది. నడుస్తూ ఎప్పుడూ చూసుకోలేదు. కొట్ల గాజు తలుపుల్లో తన నీడ కనిపించినా చూపు తిప్పుకునేది. ఆ సాయంత్రం వంటింటి గడప నుంచి అద్దం దాకా నడిచింది. వెనక్కి పోయి మళ్లీ నడిచింది. ఈసారి మరీ మెల్లగా.

భీమాబాయి బియ్యం ఏరుతూ ఆగిపోయింది. "ఏమైందే? కాలు నొస్తాందా?"

"లేదమ్మా. ఊరికే."

"ఊరికే ఎవరన్నా నడుస్తారా ఇంట్లో?"

"చూసుకుంటున్నా. ఎట్లా నడుస్తానో."

తల్లి చేట పక్కన పెట్టింది. కూతురు పోవడం, రావడం చూస్తూ కూచుంది. కాసేపటికి తనే అంది: "ఎడమకాలు వేసే ముందు నిలుస్తావు. చిన్నప్పటి నుంచీ అంతే. కొంచెం నిలిచి, అప్పుడు వేస్తావు."

అంబాబాయి మళ్లీ నడిచి చూసుకుంది. నిజమే. మంచికాలి మీద ఒక్క రవ్వ ఆగుతుంది. ఆ ఆగడంలోనే నేల ఎలా ఉందో, ఎత్తో పల్లమో, కాలు మోస్తుందో లేదో చూసుకుంటుంది. ఆ తర్వాతే కుడిభుజం కొద్దిగా లేస్తుంది. సరోజకు కనబడింది ఒరగడం మాత్రమే. ఒరిగే ముందు ఏం జరుగుతుందో బయటి నుంచి చూసేవాళ్లకు అందదు.

గ్రాఫు కాగితాలు తీసుకుని వంటింటి గడప మీదే కూచుంది.

మర్నాడు సెలవు. ఇన్‌స్టిట్యూట్ తాళం తీయించుకుని, ఒంటరిగా కూచుని అంకెలు కొట్టింది. మళ్లీ నాలుగు బొమ్మలు చేసింది. నిటారుగా ఉన్న బొమ్మను మిగతావాటి కంటే రెట్టింపు సేపు నిలిపింది. ఒరిగే ముందు మూటను ఒక గడి అటు పక్కకు జరిపింది. మీసం పెట్టి చూసింది. కదులుతుంటే మొహమంతా చెదిరిపోయింది, తీసేసింది. ఆ విషయంలో సరోజ చేసిందే సరైనదని ఒప్పుకోక తప్పలేదు. మధ్యలో కరెంటు పోయి అంతా చెరిగిపోయింది. కరెంటు వచ్చాక తిట్టుకుంటూ మొదటి నుంచి కొట్టి, ఈసారి వెంటనే క్యాసెట్‌లో ఎక్కించింది.

నడిపించి చూసింది. హమాలి మూటెత్తుకున్నాడు. ఒక కాలి మీద నిలిచాడు. మూట సర్దుకున్నాడు. అడుగు వేశాడు. చూస్తూ చూస్తూ అంబాబాయి భుజం తనకు తెలియకుండానే లేచింది.

కంపెనీ మనిషి మాసిన చొక్కాతో, కళ్లజోడుతో రైలు దిగి నేరుగా వచ్చాడు. హనుమంతరావు కుర్చీ వేయించాడు. కాఫీ తెప్పించాడు. సరోజ వెనక వరసలో నిలబడింది; రాకుండా ఉండలేక వచ్చినట్టుంది. అంబాబాయి క్యాసెట్ పెట్టింది. టేపు కీచుమంటూ తిరిగి, ఆట మొదలైంది.

"నాలుగు బొమ్మలుండాయే! మెమరీ సాలదంటివి కదమ్మా?" అన్నాడు హనుమంతరావు మెల్లగా.

"సర్దినా సార్" అంది అంబాబాయి, ఆయన మొహం చూడకుండా.

కంపెనీ మనిషి ఆడలేదు. మీటలు వదిలేసి, హమాలి నడకనే చూస్తూ కూచున్నాడు. కాఫీ చల్లారిపోయింది.

"బరువు తెలుస్తోందండీ" అన్నాడు చివరికి. "చాలా సెంటర్లు తిరిగాను. బొమ్మలు పరుగెత్తుతాయి, ఎగురుతాయి. బరువు మోసే బొమ్మను మాత్రం ఇప్పుడే చూశాను. ఎవరు చేశారు?"

హనుమంతరావు అలవాటుగా సరోజ వైపు తిరిగాడు. గదిలో అందరూ తిరిగారు. అంబాబాయికి తెలుసు, మొదలుపెట్టింది ఆ పిల్లే. ఇద్దరం అనొచ్చు. అనాలి కూడా. మాట నాలుక దాకా వచ్చింది.

ఈలోగా సరోజే అంది: "నేను కాదు సార్. అక్క సేసింది."

గొంతు మామూలుగానే ఉంది. కానీ ఆమె తెరను చూస్తున్న తీరు అంబాబాయి చూసింది. కళ్లు ఆ నిలిచే బొమ్మ దగ్గరే చిక్కుకుపోయి ఉన్నాయి. పెదవులు బిగుసుకున్నాయి. ఆ మంట ఎలాంటిదో అంబాబాయికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇన్ని రోజులూ తన మొహమూ ఇలాగే ఉండి ఉంటుంది.

ఆ చూపు ఆమెకు తృప్తినిచ్చింది. అలా తృప్తి పడ్డందుకు కొంచెం భయం కూడా వేసింది.

"నడక మొదట పట్టుకుంది ఈ సరోజే సార్" అంది, కాస్త ఆలస్యంగా. కంపెనీ మనిషి అప్పటికే క్యాసెట్ అడుగుతున్నాడు. విన్నాడో లేదో.

ఆటను తీసుకున్నారు. క్యాసెట్ మీద ఇన్‌స్టిట్యూట్ పేరు మాత్రమే పడింది, లోపల ఎవరి పేరూ లేదు. హనుమంతరావు ఒక కాపీని గాజు బీరువాలో పెట్టి అందరికీ చూపించాడు.

సరోజ కొన్నాళ్లు రాలేదు. టైపు పరీక్ష దగ్గర పడింది, అయినా రాలేదు. అంబాబాయి ఎమ్మిగనూరు బస్సు వచ్చే వేళకు కిటికీ దగ్గరికి పోయి నిలబడేది. ఎందుకు నిలబడుతోందో తనకే సరిగ్గా తెలియదు. ఆ పిల్ల లేకపోతే గది హాయిగా ఉండాలి. హాయిగా లేదు. కొత్త బొమ్మలేవో గీసింది, చూసి పక్కన పెట్టేసింది. బాగుందనో బాగాలేదనో మొహం మీద చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

ఒక సోమవారం సరోజ వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా కంప్యూటర్ ముందు కూచుని, సంచిలోంచి గ్రాఫు కాగితాలు తీసి అంకెలు కొట్టసాగింది. అంబాబాయి అటు పోలేదు. లోయరు పిల్లల తప్పులు దిద్దుతూ, చెవులు మాత్రం అటే పెట్టుకుంది.

కాసేపటికి పిల్లలు నవ్వారు. అంబాబాయి తలెత్తింది.

తెర మీద ఒక కోతి కూచుని ఉంది. తల తిప్పింది. చంక గోక్కుంది. ఏదో అలికిడి విన్నట్టు చటుక్కున ఆగిపోయి, కళ్లు ఒక గడి పక్కకు తిప్పి చూసింది. ఆ చూపు సరిగ్గా, ఇంట్లో అరటిపండు దొంగిలించే ముందు కోతి చూసే చూపు.

మిరపకాయ నూరడం మళ్లీ మొదలైంది. అంబాబాయి లేచి, బల్లల మధ్య నుంచి నడిచి వెళ్లి సరోజ వెనక నిలబడింది.

"ఆ కళ్లు ఎట్ల చేసినావు?"

సరోజ వెనక్కి తిరగలేదు. "సెప్పను."

"చెప్పు."

"నువ్వు ఆ నిలిసేది ఎట్ల సేసినావో సెప్పు ముందు."

అంబాబాయి పక్కనున్న స్టూలు లాక్కుని కూచుంది. "నేనూ చెప్పను" అంది. "జరుగు. తోక సరిగ్గా లేదు."

"తోకకేమయింది?" అంది సరోజ కయ్యానికొచ్చినట్టు. అన్నదే గానీ, కొంచెం జరిగింది.